పోర్ట్‌ఫోలియోలో పెట్టని గుడ్డముక్క

ఉద్యోగం కోసం బయలుదేరే మనిషి చంకలో ఒక ఫైలు ఉండటం మనకు ఆచారం. ఇరవై ఏళ్ళ కిందట నేనూ అటువంటి ఫైలొకటి పట్టుకొని ఒక కాలేజీకి ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఏ కాలేజీ అని అడక్కండి. పదో తరగతి మొదలు ఎం.ఏ. దాకా మార్కుల జాబితాలు, వాటి నకళ్ళు, నకళ్ళ మీద గెజిటెడ్ అధికారి సంతకాలు, చివరికి ఎనిమిదో తరగతిలో వ్యాసరచనకు వచ్చిన కన్సొలేషన్ బహుమతి పత్రంతో సహా అందులో ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి దాని తాడైనా విప్పలేదు. బోర్డు దగ్గర ఉన్న సుద్దముక్క చూపించి, "ఏదైనా ఒక పద్యం పది నిమిషాలు చెప్పండి" అన్నాడు. పద్యాలు నాకు వచ్చు. కాని చూపించవలసింది అదేనని తెలిస్తే గదా సిద్ధపడి వెళ్ళడానికి! ఆ పది నిమిషాల్లో ఏం చెప్పానో నాకే తెలియదు. ఆ ఉద్యోగం రాలేదు.

ఇంత పాత సంగతి మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం, మొన్నొక ఆదివారం మధ్యాహ్నం కోరుట్లలో మా ఇంటికి వచ్చిన అమ్మాయి. నేను ఉండేది కోరుట్ల, పాఠం చెప్పేది జగిత్యాల. ఆ అమ్మాయిది సిరిసిల్ల. మేనత్త ఇంట్లో ఉండి జగిత్యాలలో డిగ్రీ చదివింది. తరువాత హైదరాబాదు పోయి ఏడాదిపాటు టెక్స్‌టైల్ డిజైను నేర్చుకొన్నది. ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్ల గనక పేరు చెప్పను.

"నాలుగు ఇంటర్వ్యూలు అయినయి సార్. పోర్ట్‌ఫోలియో బాగలేదంటున్నరు. మీరొకసారి చూడండ్రి" అన్నది.

"నాకేం తెలుసమ్మా డిజైను సంగతి? ఒత్తులు, దీర్ఘాలు తప్పితే దిద్దుతాను."

"గట్లనే దిద్దుండ్రి సార్. ఎవరూ చెప్తలేరు, తప్పు ఏడున్నదో."

పోర్ట్‌ఫోలియో అన్న మాట మన ఇళ్ళకు కొత్తదే గాని, వస్తువు కొత్తది కాదు. మా వీధి చివర టైలరు తాను కుట్టినవాటిలో మంచి జాకెట్టును కొట్టు ముందు తగిలించుకొంటాడు. ఫోటో స్టూడియోవాడు ఒక పెళ్ళి ఆల్బం అద్దాల బీరువాలో పెడతాడు. దుబాయి పోయే వడ్రంగి తాను చేసిన తలుపుల ఫోటోలు ఫోనులో దాచుకొంటాడు. అవి చాలకపోతే ట్రేడ్ టెస్టు అని పెట్టి, ఎదురుగా ఉలి ఇచ్చి చేయించి మరీ చూస్తారు. 'నేను ఫలానా పని చేయగలను' అని నోటితో చెప్పడానికి బదులు, చేసిన పని ముందు పెట్టడం. అంతే.

అమ్మాయి సంచిలోంచి తీసిన పుస్తకం మాత్రం అంతే అన్నట్టు లేదు. నలభై రెండు పేజీలు. నిగనిగలాడే కాగితం. డి.టి.పి. సెంటరువాడికి మూడు వేలు సమర్పించుకొన్నదట. మొదటి పేజీలో ఆమె ఫోటో. రెండో పేజీలో రంగుల గీతలు: ఫొటోషాప్ తొంభై శాతం, ఇలస్ట్రేటర్ ఎనభై అయిదు, సృజనాత్మకత తొంభై అయిదు.

"ఈ తొంభై అయిదు ఎవరు వేశారమ్మా?"

"నేనే వేసుకున్న సార్. అందరు గట్లనే పెడ్తరు."

"మరి ఆ మిగిలిన అయిదూ ఏం తప్పు చేసినందుకు కోసుకొన్నావు?"

నవ్వింది. నేను పేపర్లు దిద్దేవాణ్ణి గనక అలవాటు చొప్పున పెన్ను తీసి ఆ పేజీ అడ్డంగా కొట్టేశాను. తరువాత నెమళ్ళు, తామరపూలు, రాజస్థానం ఏనుగులు, ఇకత్ గళ్ళు, ఒక కాఫీ కంపెనీ గుర్తు, రెండు పెళ్ళికార్డులు, ఎవరో విదేశీ యువతులు కట్టుకొన్న చీరలు. అన్నీ చూడముచ్చటగానే ఉన్నాయి. అక్కడే నాకు అనుమానం వచ్చింది. డెబ్భై మంది పిల్లలు ఒకే గైడు చూసి రాసిన జవాబులు కూడా చూడముచ్చటగానే ఉంటాయి; కాని ఎవరు రాశారో మాత్రం తెలియదు.

"ఇందులో నువ్వు గీసినవి ఏవి?"

కాసేపు మాట్లాడలేదు. తరువాత మూడు పేజీలు చూపించింది. మిగిలినవాటిలో కొన్ని తోటి విద్యార్థులు అయిదుగురు కలిసి చేసినవి. కొన్ని ఇంటర్నెట్టులో దొరికే అచ్చుల్లో రంగులు మార్చినవి. రోజుకు ఇరవై పోర్ట్‌ఫోలియోలు చూసేవాడికి ఆ అచ్చులు మనకంటె బాగా తెలుసు. ఒక్కటి పట్టుకొన్నాడంటే, నిజంగా గీసిన మూడింటినీ కూడా అనుమానంగానే చూస్తాడు.

అప్పుడు నాకు శ్రీనాథుడు జ్ఞాపకం వచ్చాడు. తెలుగు మేష్టరుకు ఎవరు జ్ఞాపకం వస్తారు మరి! రాజమహేంద్రవరం వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండం అవతారికలో ఆయన ఒక సీసపద్యం చెప్పుకొన్నాడు. పిల్లవాడుగా ఉన్నప్పుడు మరుత్తరాట్చరిత్ర, మీసాలు వచ్చేనాటికి శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, ప్రౌఢవయసులో భీమఖండం రాశాను, ఒళ్ళు వాలిపోకముందే ఇప్పుడు కాశీఖండం తెలుగు చేస్తాను అని ఆ పద్యం భావం. మన భాషలో ఇంత చక్కని పోర్ట్‌ఫోలియో మరొకటి నేనెరగను. ఎన్నో రాసినవాడు నాలుగే పేర్లు చెప్పాడు. మనిషి ఎట్లా పెరిగాడో అందులోనే కనిపిస్తుంది. పైగా, చేయబోయే పని శివక్షేత్రాన్ని గురించినది గదా, దానికి సరిగ్గా ముందు నిలబెట్టినది కూడా దాక్షారామ క్షేత్రాన్ని గురించిన భీమఖండమే. ఆ పని చేసినవాణ్ణి, ఈ పని చేయలేనా అన్నట్టు.

కాని ఇందులో ఒక విషాదం ఉన్నది. మొదటి రెండు కావ్యాలూ నేడు మనకు లభ్యం కావు. పేర్లు మిగిలాయి. ఆ పేర్లు పట్టుకొని మేము క్లాసుల్లో ఏదో చెబుతాం గాని, సప్తశతిలో శ్రీనాథుడి చేయి ఎట్లా నడిచిందో పద్యం విప్పి చూపగలవాడు లేడు. పేరు చెప్పడానికీ, పని చూపడానికీ ఉన్న తేడా అది.

ఇదంతా చెప్పి, "నీ సప్తశతి ఏదమ్మా? ఇందులో పెట్టకుండా ఇంట్లో దాచిపెట్టినది ఏమైనా ఉందా?" అని అడిగాను.

"ఏం లేదు సార్. మా బాపుతోని కలిసి ఒక అంచు చేసిన. అది చూపిచ్చేటట్టు లేదు."

ఆ మాటతోనే తరువాతి ఆదివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. మా ఆవిడ, "చీర తెస్తారా, ఉత్త చేతులతో వస్తారా?" అని అడిగింది. ఉత్త చేతులతోనే వచ్చాననుకోండి, అది వేరే కథ.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. వీధిలో అడుగు పెట్టగానే సాంచాల చప్పుడు చెవులను పట్టుకొంటుంది; ఆ చప్పుడు ఆగిన రోజే అక్కడివాళ్ళకు భయం. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పని 2023 తరువాత ఆగిపోయి, 2024లో చాలా సాంచాలు మూతపడ్డాయి. ఆ ఖాళీ నెలల్లోనే తండ్రీ కూతుళ్ళు ఆ అంచు చేశారట. తండ్రి ఒక ఆసామి దగ్గర పని చేస్తాడు. డాబీ బిగించడంలో మంచి పనివాడని పేరు.

డాబీ అంటే సాంచె మీద బిగించే చిన్న యంత్రం. చెక్కపట్టీలు గొలుసులాగా తిరుగుతూ ఉంటాయి. పట్టీలకు చిల్లులు. ఏ చిల్లులో మేకు కొడితే దానికి సంబంధించిన ఫ్రేము లేచి తన పడుగుపోగుల్ని పైకి ఎత్తుతుంది. మేకు లేకపోతే లేవదు. ఎన్ని ఫ్రేములు ఉంటే అన్ని రకాల కదలికలే. ఆ సాంచె మీద ఉన్నవి పదహారు. చీర ఒంటికే నాలుగు పోతాయి. అంచుకు మిగిలేది పన్నెండు.

అమ్మాయి హైదరాబాదులో కంప్యూటరు మీద ఒక నెమలి గీసింది. మెడ వంపు తిరిగి, తోక విచ్చుకొని, నలభై రెండు పేజీల్లో ఉన్న నెమళ్ళలాగే ఉంటుంది. తండ్రి చూసి, "మస్తున్నది బిడ్డా. కని నా సాంచె మీద రాదు" అన్నాడట. ఆ పిల్ల రెండు రోజులు అలిగి, మూడో రోజు గళ్ళ నోటుబుక్కు తీసింది. పన్నెండు గళ్ళ వెడల్పులో పక్షిని పట్టించాలి. మెడ వంపు పోయి మెట్లుమెట్లుగా వచ్చింది. తోక మూడు గీతలయింది. అటునుంచి అద్దం పెట్టినట్టు తిరగేసి పోగులు ఎక్కిస్తే, అవే పన్నెండు ఫ్రేములతో రెండు పక్షులు ఎదురెదురుగా కూర్చున్నాయి.

మొదట నేసిన మూరెడు ముక్క పనికిరాలేదు. పక్షి ఒంటిమీద జరీ పోగు మరీ పొడుగ్గా తేలిపోయి గోరుకు తగులుతున్నది; నాలుగు ఉతుకులకు పిగిలిపోయేదే. మధ్యలో ఎక్కడో ఒకచోట పోగును కిందికి కట్టాలి. ఎక్కడ కడితే బొమ్మ చెడదు? అమ్మాయి తల దగ్గర ఒక గడి ఖాళీ వదిలింది. పోగు నిలిచింది, పక్షికి కన్ను వచ్చింది.

ఆ గుడ్డముక్క నా చేతిలో పెట్టినప్పుడు ఆ కన్నే మొదట చూశాను. అందం కోసం పెట్టిన చుక్క అనుకొన్నాను. అది అసలు సంగతి తెలిసిన తరువాత, ఆ పక్షి మరి పక్షిలాగా కనిపించలేదు. ఒక లెక్క తెగిన చోటులాగా కనిపించింది. వేములవాడ దుకాణం ఒకటి ఆ అంచుతో రెండు వందల చీరలు తీసుకొన్నదట.

"ఇది ఎందుకు పెట్టలేదమ్మా పుస్తకంలో?" అన్నాను, కొంచెం కోపంగానే.

"నోటుబుక్కు నిండ నూనె మరకలున్నయి సార్. మళ్ళ డాబీ బాపు కొట్టిండు. నేనొక్కదాన్నే చేసింది కాదు."

తండ్రి పక్కన నిలబడి కండెలు సర్దుతున్నాడు. తల ఎత్తలేదు.

సిరిసిల్లవాళ్ళకు పని చూపించి మాట్లాడించడం తెలియక కాదు సుమండీ. ఆ ఊరి నేతకారుడు వెల్ది హరిప్రసాద్ జి-20 గుర్తును తన చేత్తో నేసి ప్రధానమంత్రికి పంపితే, 2022 నవంబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన పేరు పెట్టి చెప్పారు. దరఖాస్తు ఎంత బాగా రాసినా దేశం వినేదా? అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల విజయ్ సంగతి మీలో చాలామందికి తెలిసినదే. దూరదేశం మాట కావాలంటే, ఫ్రాన్సులో లియాన్ నగరంవాళ్ళు 1839లో జకార్డు మగ్గం కనిపెట్టిన జకార్డు బొమ్మనే ఆ మగ్గం మీద పట్టుతో నేశారు. అందుకు సుమారు ఇరవై నాలుగు వేల చిల్లుల అట్టలు పట్టాయి. లెక్కల యంత్రాలకు మూలపురుషుడైన చార్లెస్ బాబేజ్ ఆ బొమ్మను లండనులో తన ఇంట్లో పెట్టుకొని వచ్చినవాళ్ళకు చూపించేవాడు. చూసినవాళ్ళు అది అచ్చువేసిన బొమ్మ అనుకొనేవాళ్ళట. ఆ మగ్గం ఏం చేయగలదో చెప్పడానికి అంతకంటె మాటలు దేనికి?

సరే, పుస్తకం మళ్ళీ కట్టాం. నలభై రెండు పేజీలు తొమ్మిది అయ్యాయి. ఈ విషయంలో ఆ పిల్లకూ నాకూ బాగానే వాదన జరిగింది. తీసేసిన ప్రతి పేజీకీ ఆమెకు ప్రాణం పోయినట్టే ఉన్నది. మూడు వేలు పోశాను గదా అంటుంది. మూడు వేలు ఎట్లాగూ పోయాయి, ఉద్యోగం కూడా పోగొట్టుకోవడం దేనికని నేను.

పక్షుల అంచు మొదటి పేజీలోకి వచ్చింది. ఎడమవైపు నోటుబుక్కు పేజీ, నూనె మరకలతో సహా. దానికింద చెడిపోయిన మొదటి ముక్క ఫోటో, కుడివైపు మంచి ముక్క. గుడ్డను జిగురుతో అంటించబోయింది. "అట్ల కాదు బిడ్డా, వెనకకు తిప్పి చూడకుంట గుడ్డను ఎవడు కొంటడు?" అని తండ్రి అడ్డం వచ్చి, పై అంచు ఒక్కటే కుట్టించాడు. నాకు తట్టని సంగతి అది. బట్టల పనివాడు ముందు చూసేది బట్ట వెనకవైపు.

ఇక రాతల విషయం. అది నా శాఖ. పాత పుస్తకంలో ప్రతి బొమ్మ కిందా తపన, స్ఫూర్తి, సంప్రదాయానికీ ఆధునికతకూ మేళవింపు అని ఇంగ్లీషులో ఉన్నది. ఆ మాటలు ఏ బొమ్మ కిందనైనా పెట్టవచ్చు. "ముందు నాకు తెలుగులో చెప్పు. ఏం కావలసి వచ్చింది, ఏం అడ్డం వచ్చింది, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది?" అన్నాను. నాలుగు వాక్యాల్లో చెప్పింది. వాటినే ఇంగ్లీషు చేసుకొన్నది. అయిదుగురు కలిసి చేసిన పని దగ్గర మాత్రం 'మేము చేసినం' అని రాసింది. మేము మంచిమాటే. కాని ఉద్యోగమిచ్చేవాడు కొనుక్కొనేది మేమును కాదు, నిన్ను. రంగులు నేను ఎంచాను, బొమ్మ ఫలానా స్నేహితురాలు గీసింది అని విడదీసి రాయించాను. అట్లా రాస్తే తన వాటా చిన్నదైపోతుందని భయపడింది. చిన్నదైంది నిజమే; కాని నమ్మేటట్టు అయింది.

పక్షుల పేజీ దగ్గర ఆగిపోయింది. "బాపు పేరు పెట్టాల్నా సార్? నవ్వుతరేమో."

"డాబీ ఎవరు కొట్టారు?"

"బాపు."

"అయితే అదే రాయి."

ఒకే పుస్తకం అందరికీ పంపవద్దని కూడా చెప్పాను. చీరల కంపెనీకి పక్షులు ముందు. పిల్లల గౌన్లమీద అచ్చువేసే కంపెనీకి అవి మూడోచోటికి పోయి, ఆమె గీసిన జామకాయల అచ్చు ముందుకు రావాలి. శ్రీనాథుడు చేసింది అదే గదా. ఈమెయిలులో పంపే ప్రతి సంగతి కూడా ఒకటి ఉన్నది. ఆమె నాకు పంపిన పాత ఫైలు జగిత్యాల బస్టాండులో నొక్కితే, మేడిపల్లి దాటాక తెరుచుకొన్నది. అంత ఓపిక నాకున్నది, వాళ్ళ మేష్టర్ని గనక. బరువు తగ్గించి, మామూలు ఫోనులో ఒకసారి తెరిచి చూసుకొని మరీ పంపాలి. పేరు, ఫోను నంబరు మొదటి పేజీలోనే కనిపించాలి. ఇవి చిన్న విషయాలు; వీటికోసం కన్సల్టెంట్లకు డబ్బు పోయనక్కరలేదు.

ఇంతకూ, చూపించడానికి పనే చేయని పిల్లలు ఏం చేయాలని మీరడగవచ్చు. మా క్లాసులో కుర్రవాడొకడు అదే అడిగాడు. మీ వీధి కిరాణా కొట్టు ధరల పట్టీ చదవడానికి వీలుగా లేదనుకోండి, దాన్ని తిరగరాసి కొట్టులో తగిలించి, ముసలమ్మ ఒకతె కళ్ళజోడు లేకుండా చదివిందో లేదో చూడండి. ఎవరూ అడగని పనే అయినా అది పనే. ఎవరికీ పనికిరాని పది గుర్తులు గీయడం కంటె నయం.

మంచి పోర్ట్‌ఫోలియో ఉంటే ఉద్యోగం వచ్చి తీరుతుందని మాత్రం నేను చెప్పను. సిఫారసులు ఉన్నాయి, ఇంగ్లీషు మాట తీరు ఉన్నది, అన్నీ ఉన్నాయి. సిరిసిల్ల నుంచి వచ్చిన పిల్ల తలుపు తోసి లోపలికి పోయేసరికే సగం నిర్ణయం జరిగిపోయే చోట్లు కూడా ఉంటాయి. పుస్తకం చేయగలిగేది ఆ మిగిలిన సగం గురించే.

పోయిన గురువారం అమ్మాయి అయిదో ఇంటర్వ్యూకు హైదరాబాదు వెళ్ళింది. సాయంత్రం ఫోను చేసింది. లోపల ఒక పెద్దావిడ కూర్చున్నదట. మొదటి పేజీ దగ్గరే ఆగి, గుడ్డముక్కను వెనక్కు తిప్పి చూసి, "ఎన్ని ఫ్రేములు?" అని అడిగిందట. ఈ పిల్ల చెప్పింది. చెడిపోయిన ముక్క సంగతి అడిగితే అదీ చెప్పింది. కన్ను సంగతి మాత్రం ఆవిడే కనిపెట్టి నవ్విందట. మిగిలిన ఎనిమిది పేజీలూ గబగబా తిప్పేసి, మళ్ళీ మొదటికి వచ్చి, "ఈ పేరు ఎవరిది?" అని అడిగితే, మా బాపుది అన్నదట. చివరికి ఆ గుడ్డముక్కను తమ దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగారు. ఉన్నది అదొక్కటే. ఒక క్షణం వెనకాడి ఇచ్చి వచ్చింది.

"ఏమన్నారమ్మా?"

"తెలియజేస్తమన్నరు సార్. అందరు గదే అంటరు."

"బాపుకు చెప్పావా?"

"చెప్పిన. నౌకరి సంగతి అడగలేదు సార్. ముక్క ఏదన్నడు. ఇచ్చి వచ్చిన అంటే, జెర్రసేపు ఏం అనలేదు. ఇంకో గజం నేస్త తియ్, డాబీ ఇప్పలేదు అన్నడు."

ఇది రాసి పంపేవేళకు హైదరాబాదు నుంచి కబురు ఇంకా రాలేదు.